గుంపు కూడలేదు... గొంతు కలిపారు!

కరోనా కాలంలో ఎల్లలకు ఆవల ఉన్న తెలుగువారికి తోడు నిలిచింది పాటే, ఆటే. చెన్నపట్నం, తిరువయ్యారు, బరంపురం చెప్పే కథ ఇది

2020 మార్చి 25. దేశమంతా తలుపులు మూసుకున్న రోజు. రాష్ట్రాల సరిహద్దుల్లో బారికేడ్లు వెలిశాయి. హోసూరులో ఉన్నవాళ్లకు కుప్పంలోని చుట్టాలు, బరంపురంలో ఉన్నవాళ్లకు ఇచ్ఛాపురంలోని బంధువులు ఒక్కసారిగా దూరమైపోయారు. పెళ్లికి వెళ్లే దారి లేదు, చావుకు వెళ్లే దారీ లేదు. పరాయి రాష్ట్రంలో తరతరాలుగా ఉంటున్నా, ఏటా పండక్కో జాతరకో నలుగురూ కలిస్తేనే మనవాళ్లకు తెలుగు చెవిన పడేది. ఆ నలుగురూ కలవడమే ప్రమాదమని చెప్పిన రోగం ఇది. మరి మనవాళ్లు ఏం చేశారు? పాడారు. పాడలేని చోట ఓపిక పట్టారు.

అడిగిన పాట పాడిన బాలు

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎక్కడివారంటే అన్ని రాష్ట్రాలవాళ్లూ మావారే అంటారు. 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టారు. తండ్రి సాంబమూర్తి హరికథకులు. పాటల జీవితం చాలావరకు చెన్నపట్నంలోనే సాగింది. సినిమాల్లో తొలి పాట తెలుగైతే, రెండోది కన్నడం. ఆయనకు దక్కిన ఆరు జాతీయ అవార్డుల్లో మూడు తెలుగు పాటలకు, ఒక్కొక్కటి హిందీ, కన్నడ, తమిళ పాటలకు వచ్చాయి.

కరోనా వచ్చిన కొత్తల్లో, 2020 మార్చిలోనే, వైరముత్తు తమిళంలో రాసిన కరోనా పాటకు బాణీ కట్టి తానే పాడారు. లాక్‌డౌన్ మొదలయ్యాక ఇంట్లో కూర్చుని ఫేస్‌బుక్‌లో జనం కోరిన పాటలు పాడుతూ, బాధితుల సాయానికి విరాళాలు అడిగారు. ఆర్కెస్ట్రా లేదు, వేదిక లేదు. వేల పాటలు పాడిన మనిషి, మన ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని పాడినట్టు పాడారు. బయట ఏమవుతుందో తెలియని ఆ రోజుల్లో తెలిసిన గొంతు వినపడటమే పెద్ద ధైర్యం.

ఆగస్టు 5న ఆయనే ఆసుపత్రిలో చేరారు. ఇంట్లో ఉంటే చాలని వైద్యులు చెప్పినా, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కాకూడదని చేరానని, ఎవరూ కంగారు పడొద్దని వీడియోలో చెప్పారు. ఆ తర్వాత పరిస్థితి విషమించింది. దర్శకుడు భారతీరాజా పిలుపుతో ఆగస్టు 20 సాయంత్రం ఆరు గంటలకు ఎవరింట్లో వాళ్లు బాలు పాట పెట్టుకుని ప్రార్థించారు. తమిళులు తమిళ పాట, మనవాళ్లు తెలుగు పాట. గొంతు మాత్రం ఒక్కటే! సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. మొక్కు ఫలించలేదు. కానీ నెలల తరబడి ఎవరికి వారుగా భయపడినవాళ్లు, ఆ సాయంత్రం ఒకే మనిషి కోసం కలిసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఒంటరిగా భయపడటం వేరు, కలిసి బాధపడటం వేరు.

కావేరి ఒడ్డున చిన్న గుంపు

తిరువయ్యారు తమిళనాట ఉంది. అక్కడ మోగేది మాత్రం తెలుగు. 1847 జనవరి 6న త్యాగరాజస్వామి సిద్ధి పొందిన కావేరి ఒడ్డున ఏటా పుష్య బహుళ పంచమికి ఆరాధన జరుగుతుంది. ఆయన సమాధికి మండపం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడే హక్కు తెచ్చింది కూడా ఆమే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని పంచరత్న కీర్తనల్లో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. వందల మంది విద్వాంసులు నేల మీద పక్కపక్కనే కూర్చుని ఒకే గొంతుగా పాడటం ఆ ఆరాధన గొప్పదనం. కరోనా కాలంలో సరిగ్గా అదే ప్రమాదం కూడా!

2021లో, 2022లో వేడుకను బాగా కుదించారు. కొద్దిమందే కూర్చుని పాడారు. అయితే పాడటం మానలేదు. మిగతావాళ్లు ఇళ్లలోనే గొంతు కలిపారు. ఇందులోనూ ఓ చిక్కుంది. ఇంటర్నెట్‌లో ఒకరి గొంతు మరొకరికి చేరేసరికి సెకనులో ఎంతో కొంత ఆలస్యం తప్పదు. పదిమంది ఒకేసారి పాడితే తాళం చెదిరిపోతుంది. అందుకే ఒకరు శ్రుతి, తాళం వేసిన ట్రాకును అందరికీ పంపేవారు. ఎవరికి వారు అది చెవిలో వింటూ పాడి పంపితే, మరొకరు కూర్చుని అన్నిటినీ ఒక్కటిగా అతికేవారు. ఇలా కట్టిన కచేరీలు ఆ రెండేళ్లలో ఎన్నో వచ్చాయి. 2023లో మళ్లీ కావేరి ఒడ్డున నిండుగా ఆరాధన జరిగింది.

ఆగి, మళ్లీ కదిలిన బరంపురం

బరంపురం సంగతి వేరు. పట్టుకు పేరున్న ఈ ఒడిశా పట్నంలో రెండేళ్లకోసారి బుధి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. దాన్ని నడిపేది తెలుగు మూలాలున్న దేరా నేతకారులు. వాళ్ల పెద్దను దేశిబెహరా అంటారు. ఆడపడుచు పుట్టింటికొచ్చినట్టు అమ్మవారు ఆయన వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది. రాత్రిళ్లు ఘటం ఊరేగుతుంది. మొక్కుకున్నవాళ్లు దేవుళ్ల వేషాలు, పులి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఈ వేషాల మొక్కు కొత్తేమీ కాదు.

మనవాళ్లకు రోగానికీ జాతరకూ పాత చుట్టరికం. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అనేవారు. మందు లేని కాలంలో ఊరి భయాన్ని డప్పుగా, ఆటగా, వేషంగా మార్చుకున్నారు. మశూచిని అంతం చేసింది టీకాయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో దాన్ని ప్రకటించింది. అయితే టీకా వచ్చేదాకా ఊరు గుండె జారిపోకుండా పట్టుకున్నది జాతర.

కరోనాలో ఆ దారీ మూసుకుపోయింది. 2019 తర్వాత 2021లో జరగాల్సిన యాత్ర రెండో అల వల్ల జరగలేదు. మొక్కులు మొక్కులుగానే ఉండిపోయాయి. మళ్లీ 2023 ఏప్రిల్‌లోనే వేషాలు వీధిన పడ్డాయి. మధ్యలో నాలుగేళ్లు! యాత్ర ఆపడమూ ఊరిని కాపాడుకోవడమే కదా. వాయిదా పడిన మొక్కు మళ్లీ కలుస్తామన్న మాట లాంటిది. ఆ మాట నిలబడింది.

ఆడించే చేతికి అన్నం?

ఇంతవరకూ బాగానే ఉంది. మనకు ధైర్యం ఇచ్చిన కళాకారుడి ఇంట్లో పొయ్యి వెలిగిందా? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటనే చూడండి. అక్కడి తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి, తెరమీద తెలుగులో రామాయణం ఆడతాయి. ఎల్లలు దాటిన కళకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లోనే పద్మశ్రీ ప్రకటించారు. అదే ఏడాది ఆటలు ఆగాయి. బొమ్మలాటకు గిరాకీ తగ్గాక వీళ్లకు ఆధారమైంది తోలు దీపపు తొడుగులు, బొమ్మల అమ్మకం. ప్రదర్శనలు, సంతలు మూతపడితే వాటిని కొనేదెవరు?

ఫోనులో వచ్చిన పాటను మనం ఉచితంగా విన్నాం. పాడినవాళ్లలో పేరున్నవారు తట్టుకున్నారు. హరికథకులు, డోలు సన్నాయి వాయించేవాళ్లు, వేషం కట్టేవాళ్లు రోజు గడవక ఇబ్బంది పడ్డారు. మళ్లీ ఇలాంటి రోగం రాదని ఎవరూ చెప్పలేరు.

అందుకే ఎల్ల ఆవలి తెలుగు సంఘాలు ఇప్పుడే చేయదగిన పనులు రెండున్నాయి. ఒకటి, మీ ఊళ్లో, చుట్టుపక్కల ఉన్న కళాకారుల పేర్లు, ఫోను నంబర్లు రాసి పెట్టుకోవడం. రెండు, ఏటా పండుగ చందాలో కొంత వాళ్ల కోసం పక్కన పెట్టడం. ఉగాదికి పిలిచి శాలువా కప్పడం మంచిదే. తలుపులు మూసుకున్న రోజున బియ్యం బస్తా పంపడం ఇంకా మంచిది. అలా చేస్తేనే రేపు మనకు ధైర్యం కావాల్సి వచ్చినప్పుడు పాడే గొంతు ఉంటుంది.