ఇంజనుకు ఏ తైలం మేలు?

తిలల నుండి పిండినది గనుక పూర్వులు దానిని తైలమన్నారు. కాలక్రమాన ఆ మాట నూనెలన్నింటికీ చెల్లి, నువ్వు గింజతో ఏ సంబంధమూ లేని ఇంజన్ ఆయిల్‌ను కూడ తనలో చేర్చుకొన్నది. మోటారు సైకిలుపై కళాశాలకు వచ్చే విద్యార్థికి, ఆటో నడిపి ఇల్లు గడుపుకొనే అతని తండ్రికి దుకాణం ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సాధారణ తైలం కొనవలెనా, దాదాపు రెట్టింపు ధర పలికే సింథటిక్ తైలం కొనవలెనా? ధర హెచ్చినదే మేలైనదని కొందరు, అదంతా వర్తకుల మాయ అని కొందరు అంటారు. రెండు మాటలలోనూ సగమే నిజమున్నది.

లోహం లోహాన్ని ఒరసుకొనకుండ నడుమ పలుచని పొరగా నిలవటం, వేడిని మోసుకొనిపోవటం, మసిని తనలో కలుపుకొని వడపోత దాకా చేర్చటం ఇంజనులో తైలం చేసే పనులు. సంస్కృతంలో నూనెకు స్నేహమనే పేరు ఊరక రాలేదు!

సాధారణ తైలం ముడి చమురును శుద్ధి చేయగా వచ్చినది. అందులో అణువులు పలు పరిమాణాలలో ఉంటాయి. కొంత మైనం కూడ మిగులుతుంది. తీవ్రమైన చలికి అది చిక్కబడుతుంది; అధికమైన వేడికి తేలికైన అణువులు ఆవిరైపోతాయి. సింథటిక్ తైలంలో అణువులను రసాయన ప్రక్రియతో ఇంచుమించు ఒకే తీరుగా నిర్మిస్తారు. అందువలన అది చలిలో సులువుగా పారుతుంది, వేడికి త్వరగా చెడదు. అయితే ఇక్కడొక మెలిక ఉన్నది. ముడి చమురునే హైడ్రోజనుతో గాఢంగా సంస్కరించి తీసిన తైలం కూడ సింథటిక్ పేరుతోనే అమ్ముడుపోతున్నది. ఆ పేరు చెల్లునా అని రెండు పెద్ద కంపెనీల నడుమ అమెరికాలో వివాదం రేగగా, అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ 1999లో చెల్లునని తేల్చింది. కనుక డబ్బాపై ఆ ఒక్క మాటను చూసి సొమ్ము చెల్లించటం తగదు.

చూడవలసినవి ఆ ప్రక్కనున్న అంకెలు. 20డబ్ల్యు-40 అన్నచోట డబ్ల్యు అనగా వింటర్. మొదటి అంకె చలిలో తైలపు నడతను, రెండవది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. 20 తరగతి తైలంతో ఇంజను తిరుగునా అని సున్నాకు దిగువ 15 డిగ్రీల వద్ద, 5 తరగతిని సున్నాకు దిగువ 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. ఆదిలాబాదు చలి మనకు గొప్పదే గాని, ఆ దరిదాపులకు పోదు. చలి పేరు చెప్పి ఖరీదైన తైలం అంటగట్టజూస్తే మన ప్రాంతంలో నమ్మనక్కరలేదు.

మన ఇంజనుకు అసలు శత్రువు వేడి. టర్బో ఉన్న కార్లలో సాధారణ తైలం మాడి బొగ్గులా పేరుకొనే ప్రమాదం హెచ్చు. అక్కడ సింథటిక్‌కు పెట్టిన రూపాయి వృథా కాదు. 0డబ్ల్యు-20 వంటి పలుచని తైలానికై రూపొందిన ఇంజనులో, చిక్కనిదే బలమని 20డబ్ల్యు-40 పోయటమూ తప్పే. కాని నిత్యం ఊరిలో తిరిగే చిన్న మోటారు సైకిలుకు, వాహనంతో వచ్చిన పుస్తకం అనుమతిస్తే, సాధారణ తైలాన్ని గడువు తప్పక మార్చటమే చాలు. ఖరీదైనది పోశాము గదా అని గడువు దాటి రెండింతల దూరం నడిపేవాని ఇంజను కంటె, చవకదానిని వేళకు మార్చేవాని ఇంజనే ఎక్కువ కాలం మన్నుతుంది.

మోటారు సైకిలు వారు మరొకటి గమనించాలి. చాలావాటిలో క్లచ్ పలకలు ఇంజను తైలంలోనే మునిగి ఉంటాయి. కార్లకై చేసిన కొన్ని తైలాలలో ఒరిపిడిని మరింత తగ్గించే ద్రవ్యాలు కలుపుతారు. వాటి వలన క్లచ్ జారుతుంది. ఇట్టి బండ్లకు డబ్బాపై జాసో ఎంఏ అనే గుర్తు ఉన్నదే కొనాలి.

ఒకసారి సింథటిక్ పోస్తే మళ్ళీ సాధారణ తైలానికి రాకూడదన్నది ఒట్టి అపోహ. ఇక నీలిపొగ వదిలే పాత ఆటో సంగతి. అది తైలాన్ని మండించుకొంటున్నదన్నమాట. అందులో సింథటిక్ పోయటం సొమ్మును పొగ చేయటమే. ముందు ఉస్తాదు చేత పిస్టన్ రింగులు చూపించి, అవి బాగయ్యేవరకు ప్రతి ఉదయం కొలపుల్ల తీసి, తైలం ఏ గీత దాకా ఉన్నదో చూచుకోవాలి.