గడియ లోపలి వైపు

హార్స్లీ హిల్స్ మీద సాయంత్రం గాలి జోరుగా ఉంటుంది. మొన్న మనవరాలితో వరండాలో కూర్చున్నాను. కిటికీ రెక్క దభాలున కొట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుని, మరుక్షణం కిటికీని చూసి నవ్వేసింది.

"తాతా, కిటికీ అని తెలియకముందే భయమెట్లా వేసింది?"

మంచి ప్రశ్నమ్మా. మెదడు లోపల, రెండు పక్కలా బాదంపప్పంత ముద్దలు ఉంటాయి. పేరు అమిగ్డాలా. చప్పుడు ఎక్కడిదో మనం ఆలోచించేలోపే అది గంట కొట్టేస్తుంది. గుండె దడదడలాడుతుంది. ప్రమాదం లేదని తేలితే సర్దుకుంటుంది. ప్రాణభయంతో ఊరు విడిచినవాళ్లకు మాత్రం ఆ గంట ఏళ్ల తరబడి మోగుతూనే ఉండొచ్చు.

నేను విశాఖలో ఉద్యోగం చేసే రోజుల్లో కంచరపాలెం బర్మా క్యాంపులో ఒక పెద్దావిడ ఉండేది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడినప్పుడు చిన్నపిల్ల. మనవాళ్లు లక్షల మంది అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు కదా, అందులో ఆమె కూడా ఉంది. యుద్ధం అయ్యాక ఆమె ఇంటివాళ్లు మళ్లీ బర్మా వెళ్లారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కి, తర్వాత వ్యాపారాలన్నీ లాగేసుకుంటే, ఈసారి ఓడెక్కి వచ్చేశారు. ఇరవై ఏళ్లు గడిచినా రాత్రి రెండుసార్లు లేచి తలుపు గడియ తడిమి చూసుకునేది. మంచం కూడా తలుపు కనిపించేట్టే వేసుకునేది.

భయం చెరిగిపోదమ్మా. దాని పైన "ఇక్కడ ఏమీ కాదు" అనే కొత్త పాఠాన్ని మెదడు మెల్లగా రాసుకుంటుంది. పావ్లోవ్ అనే శాస్త్రవేత్త తన కుక్కల దగ్గర నూరేళ్ల కిందటే ఇటువంటిది గమనించాడు. చిక్కెక్కడంటే, ఆ పాఠం నేర్చుకున్న చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. చోటు మారితే పాత భయం తిరిగి తలెత్తుతుంది. ఊరు విడిచినవాళ్లను గుడారం నుంచి గుడారానికి తిప్పితే, ప్రతిసారీ పాఠం మొదటికొస్తుంది. అందుకే కాందిశీకులకు కదలని ఇల్లు కావాలని నేను గట్టిగా అంటాను.

ఆ ఇంటికి గడియ లోపలి వైపు ఉండాలి. వచ్చేదెవరో కనిపించే కిటికీ ఉండాలి. పొయ్యి ఎవరిది వాళ్లకుండాలి. పచ్చదనం కూడా తక్కువదేం కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే సుమారు ఒక రోజు ముందే ఇంటికెళ్లారు. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచీ ఉంది. క్షయకు మందు పుట్టకముందు అక్కడ వెలుతురూ గాలీ విశ్రాంతే వైద్యం.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది తిన్నె. విశాఖలో అరుగంటారు. ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది, వీధిలో ఉన్నట్టూ ఉంటుంది. మాట కలపాలంటే కూర్చోవచ్చు, గుండె బెదిరితే ఒక్క అడుగులో లోపలికి పోవచ్చు.

ఆ పెద్దావిడ కొడుకు తర్వాత ఇంటి ముందు అరుగు కట్టించాడు. నేను చివరిసారి వెళ్లినప్పుడు ఎండాకాలం. తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ దాని వైపు వీపు పెట్టి, అరుగు మీదే కునుకు తీస్తోంది. రాత్రి గడియ మాత్రం ఒక్కసారి తడుముతుందని కొడుకు చెప్పాడు.