ఆట ఆగినా ఆగని అడుగు

ఉత్తరాంధ్ర నేలకు శరీర సాధన కొత్త కాదు. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, అనంతరం మల్లయోధుడుగా దేశదేశాల కీర్తి గడించారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే.

అయినా ఈ జిల్లాలలోని మన ఇళ్ళలో ఆడపిల్ల ఇంటర్ దాటి డిగ్రీలో చేరగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ‘ఇంకా ఆటలేమిటి? పర్దా మాటేమిటి?’ ఈ ప్రశ్నను మేము తేలికగా కొట్టివేయడం లేదు. తల్లిదండ్రుల ఆందోళన అకారణమైనది కాదు. అయితే ఆ ప్రశ్నను జీవితమంతా మోసిన ఒక కళాశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి వృత్తాంతం మనకు ఉపకరిస్తుందని భావించి, పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బాస్కెట్‌బాల్ పుట్టిన ఊరి బిడ్డ

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్టణం ఉంది. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించింది అక్కడే. ఆ పట్టణంలోనే 1990లో బిల్ఖీస్ అబ్దుల్ ఖాదిర్ ఒక ముస్లిం కుటుంబంలో జన్మించింది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గాథలో వచ్చే సబా రాణి పేరే ఆమె పేరు.

తలపై వస్త్రం, పొడుగు చేతుల చొక్కా, కాళ్ళను పూర్తిగా కప్పే దుస్తులు. ఈ వేషంతోనే ఆమె పాఠశాల పోటీలలో మొత్తం 3,070 పాయింట్లు సాధించింది. ఆ రాష్ట్రంలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరూ అంతవరకు అన్ని పాయింట్లు సాధించలేదు. 2009 రమజాన్‌లో అధ్యక్షుడు ఒబామా శ్వేతసౌధంలో ఇచ్చిన ఇఫ్తార్ విందుకు ఆమెకు ఆహ్వానం అందింది.

ఆటలోని ప్రతిభ మూలంగా మెంఫిస్ విశ్వవిద్యాలయం ఆమెను చేర్చుకుంది. మోకాలి గాయం వలన మొదటి ఏడాది మైదానానికి దూరమైనా, అనంతరం ఆమె బరిలోకి దిగి, అమెరికా కళాశాలల అగ్రశ్రేణి పోటీలలో హిజాబ్‌తో ఆడిన తొలి బాస్కెట్‌బాల్ క్రీడాకారిణిగా నిలిచింది. అక్కడ పట్టా పొంది, చివరి ఏడాది ఆటను ఇండియానా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ పైచదువు కొనసాగించింది.

మూసుకొన్న తలుపు

2014లో కళాశాల ఆట ముగిసింది. ఇక విదేశీ జట్లలో వృత్తిక్రీడాకారిణిగా ఆడాలన్నది ఆమె కోరిక. కాని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫీబా) నిబంధనలు తలపై వస్త్రాన్ని అనుమతించలేదు. ఆటగాళ్ళకు గాయాలు కాకూడదన్నది నిబంధన వెనుకనున్న వాదన. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఖతార్ మహిళల జట్టు ఈ కారణంగానే ఆడకుండా వెనుదిరిగింది.

చిన్ననాటినుండి చేసిన సాధన ఒకవైపు, దైవాజ్ఞగా తాను పాటించే హిజాబ్ ఒకవైపు. ఆ కాలంలో హిజాబ్ తీసివేద్దామా అన్న ఆలోచన కూడా తనకు కలిగిందని బిల్ఖీస్ దాపరికం లేకుండా చెప్పింది. చివరకు తీయలేదు. ఇతర క్రీడాకారిణులతో కలిసి నిబంధన మార్పుకై గళమెత్తింది. 2017 మే నెలలో సమాఖ్య నిబంధన మార్చింది. అక్టోబరు 1 నుండి అది అమలులోకి వచ్చింది. ముఖం కప్పరాదు, ముఖం, మెడ వద్ద ముడులు, పిన్నులవంటివి ఉండరాదు, వస్త్రం నలుపో తెలుపో జట్టు దుస్తుల రంగో కావాలి. భద్రతకు ఇంతమాత్రం చాలునని తేలింది. అయితే వృత్తిక్రీడ ఆరంభించవలసిన మూడేళ్ళు ఆమెకు తిరిగి రాలేదు. ఆమె చదువు మాత్రం చేజారలేదు. ఆ చదువుతోనే బాలికలకు శిక్షణనిచ్చే బాటలో నడిచింది.

మనకు పాఠం

ఆట ఒక గాయంతో ఆగవచ్చు, ఒక నిబంధనతో ఆగవచ్చు. అందుచేత ఆటను చదువుకు ప్రత్యామ్నాయంగా ఎంచడం ఎంత పొరపాటో, పర్దా పేరిట ఆటనే నిషేధించడం అంత తొందరపాటు. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నదే. మన తెలుగు నేలపైనే నిజామాబాద్ ముస్లిం కుటుంబపు బిడ్డ నిఖత్ జరీన్ తండ్రి ప్రోత్సాహంతో బాక్సింగ్‌లో 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. కూతురు కళాశాల జట్టులో ఆడతానన్నప్పుడు ‘వద్దు’ అనడానికి ముందు కళాశాలకు వెళ్ళండి. శిక్షకురాలు ఉన్నారా, సాధన వేళ ఏది, చీకటిపడక మునుపే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా, నిండు దుస్తులకు అభ్యంతరం ఉందా, హాజరు తగ్గితే చదువు సంగతేమిటి అని అడగండి. జవాబులు సంతృప్తికరంగా లేకుంటే మార్పు కోరండి. అంతర్జాతీయ సమాఖ్యనే మార్చిన కోరిక, ఒక కళాశాల ప్రిన్సిపాలును మార్చలేదా?