గుడ్డుకు రాని పెట్ట: లోపం ఎక్కడున్నది?

వరంగల్ పల్లెల్లో కూలి వాడలకు పోతే ఆడవాళ్ల నోట తరచుగా వినిపించే మాట: "ఏడో నెల పడ్డది, పెట్ట ఇంకా గుడ్డు పెడ్తలేదు. బేరగాడొస్తే అమ్మేస్త." పని దొరకని రోజుల్లో ఉప్పుకు, సబ్బుకు, పిల్లల నోటుబుక్కులకు ఆసరా అయ్యేవి ఆ గుడ్లే. కనుక ఇది చిన్న విషయం కాదు. అగ్గువకు అమ్ముకునే ముందు పెట్ట ఎందుకు వెనకబడిందో విచారించమని మేము కోరుతున్నాము.

ఫారం కోడి ఐదో నెలలోనే గుడ్డుకు వస్తుంది. దానికి తూచి వేసే దాణా ఉన్నది. పెరట్లో తిరిగే నాటు పెట్ట ఆరేడు నెలలకు గాని రాదు. రాజేంద్రనగర్ పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే మేత తగ్గితే అవీ వెనకబడతాయి. తురాయి ఎర్రబారి, పెట్ట మూలమూలలా చోటు వెతుకుతున్నదంటే గుడ్డుకు దగ్గరపడ్డట్టే. కొన్ని గడ్డివాములో దొంగచాటుగా పెడుతుంటాయి. ముందు అదీ చూడాలి.

పొద్దుకూ గుడ్డుకూ సంబంధం ఉన్నది. పెట్టకు రోజుకు 14 గంటల వెలుతురుంటే మంచిది. మన దగ్గర చలికాలంలో పగలు 11 గంటలే. ఎండాకాలంలో పొదిగిన పిల్ల మార్గశిరం, పుష్య మాసాల్లో ఈడుకొస్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. సంక్రాంతి దాటి పొద్దు పెరిగినంక అదే పెట్ట గుడ్డుకు రావచ్చు. ఆ కొద్ది వారాలు ఓపిక పట్టక అమ్ముకుంటే లాభం బేరగానికే.

ఇక మేత సంగతి. నిజాం కాలంలో దొర గడీకి, ఊరికొచ్చిన అధికారికి కోళ్లను వెట్టి కింద ఊరికే ఇచ్చుకోవలసి వచ్చేది. ఆ వెట్టిని 1946-51 తెలంగాణ పోరాటం ఎదిరించింది. నేడు కోడిని ఎవరూ గుంజుకపోవడం లేదు గాని కోడి ఏరుకతినే గింజ కరువైంది. జొన్న చేన్ల జాగలో పత్తి వచ్చింది. వరికోత మిషన్లు వచ్చినంక కల్లాలు తగ్గినయి. కూలి గింజల్లో ఇచ్చే రోజులు పోయినయి. కూలివాని ఇంట గింజ లేకపోతే కూలివాని కోడికీ లేదు.

రేషన్ బియ్యం, నూకలు మాత్రమే వేస్తే చాలదు. గుడ్డు కట్టడానికి మాంసకృత్తులు కావాలి. కుండలో పెంట, గడ్డి తడిపి పెట్టి చెదలు పట్టి కోడిపిల్లలకు వేసే మన పెద్దల పద్ధతి మంచిది. దొరికితే పల్లిచెక్క కలపాలి. గుడ్డు పెంకుకు సున్నం కావాలి. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది. నత్తగుల్లలు, వాడిన గుడ్డు పెంకులు వేయించి, పొడిచేసి పెడితే పైసా ఖర్చుండదు. అవి లేకపోతే తోలుగుడ్లు వస్తాయి, పెట్టే పెట్టా ఆగిపోతుంది.

కడుపులో నులిపురుగులుంటే తిన్న మేత వాటికే పోతుంది. పశువైద్యుని అడిగి మందు తాగించాలి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొక్కెర రోగం. అది తగిలితే వాడంతా ఖాళీ అవుతుంది. బతికిన పెట్టా గుడ్డు మానుతుంది. పిల్లకు మొదటి వారంలో చుక్కల మందు, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది వేయించాలి.

ఇక్కడే ఒక చిక్కున్నది. టీకా సీసాలో పదుల కొద్దీ, కొన్నిట్లో వంద మోతాదులుంటాయి. కలిపినంక కొద్ది గంటల్లోనే వాడాలి. నాలుగు కోళ్లున్న ఇల్లు ఒంటరిగా పోతే సీసా విప్పేదెవరు? కాబట్టి వాడంతా ఒక్కటై, ఏ ఇంట ఎన్ని కోళ్లున్నాయో జాబితా రాసి పశువైద్యశాలకు ఇవ్వాలి. ఫలానా రోజు తెల్లవారకముందే, గూళ్లు విప్పకముందే, వాడకే వచ్చి సూదులు వేయాలని అడగాలి. కోళ్ల ఫారాలకు డాక్టర్లున్నారు, బ్యాంకు అప్పులున్నాయి. ఐదు కోళ్ల ఆడకూలికి టీకా అందించడం ప్రభుత్వ బాధ్యత. వ్యవసాయ కార్మికుల సంఘాలు కూలి రేట్ల జాబితా పక్కనే కోళ్ల జాబితానూ పెట్టుకోవాలి.

పెట్టను తిట్టి లాభం లేదు. దానికి కావలసినవి గింజ, వెలుతురు, సున్నం, సూది. వెలుతురు కాలమే తెస్తుంది. సున్నం ఇంట్లోనే ఉన్నది. గింజ కోసం, సూది కోసం అందరం కలిసి అడగవలసిందే.