షాతోనఫ్ దు పాప్: ఎర్ర వైన్ రుచి ఎరగడం

ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతంలో, అవిన్యోన్ నగరానికి ఉత్తరాన రోన్ నదీలోయలో ఉన్న షాతోనఫ్ దు పాప్ గ్రామం పేరులోని ‘పాప్’, 14వ శతాబ్దంలో అవిన్యోన్‌లో కొలువుతీరి ఈ గ్రామంలో కోట కట్టించిన పోపులను గుర్తుచేస్తుంది. 1936లో చట్టబద్ధమైన ప్రాంతీయ గుర్తింపు పొందిన ఇక్కడి ఎర్ర వైన్‌ను అనేక ద్రాక్ష రకాలు కలిపి తయారు చేయవచ్చు గాని, వాటిలో ప్రధానమైనది గ్రెనాష్. ఎండకు బాగా పండే ఈ ద్రాక్షలో చేరిన అధిక చక్కెర పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది కనుక, అది 14 శాతం దాటడం ఇక్కడ సర్వసాధారణం.

గ్రెనాష్ తొక్క పలుచన కాబట్టి రంగు మరీ చిక్కగా లేకపోవడం లోపం కాదు; గ్లాసును వంచి చూసినప్పుడు అంచు ఇటుక రంగుకు తిరిగి ఉంటే వైన్ వయసు మళ్లుతున్నదని గ్రహించవచ్చు. గ్లాసును మెల్లగా తిప్పితే పరిమళ ద్రవ్యాలు గాలిలోకి లేచి, మొదట ఎర్రని పండ్ల వాసన, ఆ వెనుక మిరియాల ఘాటు, అక్కడి రాతినేలల్లో పెరిగే థైమ్, రోజ్‌మేరీ వంటి ఎండుమూలికల ఛాయ తెలుస్తాయి. నోట్లో కాసేపు నిలిపినప్పుడు చిగుళ్లను పట్టే వగరుకు కారణం టానిన్. తొక్కలు, గింజల నుంచి వచ్చే ఈ పదార్థం, పండు రుచి, ఆల్కహాల్ వేడి ఒకదాన్నొకటి మింగివేయకుండా ఉన్నదే మేలైన వైన్.

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న సలహా చలిదేశపు పాత ఇళ్లకు చెల్లుతుందే తప్ప హైదరాబాదు వేసవికి కాదు. 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ ఈ వైన్‌కు తగినది.