పదవ బిడ్డ: రాజ్యాంగమును మన బడియు

“మనము కొద్దిమందిమి, మన మాట ప్రభుత్వము చెవిని బడునా?” అని మన బడి పిల్లల తల్లిదండ్రులు పలువురు అడుగుచుందురు. ఈ సందేహమునకు రాజ్యాంగమునందే సమాధానము గలదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు బరంపురము మొదలగు గంజాము ప్రాంతములు మద్రాసు రాజధాని నుండి వచ్చి అందులో చేరినవి. మన పెద్దలు ఇండ్లు కదలలేదు, ఎల్లలే కదలినవి. దేశమున ఇట్టివారు పెక్కుచోట్ల గలరు. అట్టివారికై రాజ్యాంగములోని 30వ అధికరణము తమ కిష్టమైన విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కు నొసగినది. 1956లో ఏడవ సవరణచే మరి రెండు అధికరణములు చేరినవి. అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని 350-ఏ చెప్పుచున్నది. ఈ రక్షణలు అమలగుచున్నవో లేవో విచారించుటకు రాష్ట్రపతి ఒక ప్రత్యేకాధికారిని నియమించుననియు, ఆయన నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందుంచబడుననియు 350-బి తెలుపుచున్నది.

“ప్రయత్నింపవలెను” అను మాటను గమనింపుడు. అడుగువారు లేనిచో ఆ ప్రయత్నము మందగించును. బడి మొత్తమున నలువదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఒక భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు కనీస మొక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. బడిలో చేర్చునపుడు దరఖాస్తులో మాతృభాష గడిని ఖాళీగా విడిచిన యొక్క తండ్రివలన తరగతిలో తొమ్మిదిమందియే లెక్కకు వత్తురు. పదవ బిడ్డ తరగతిలోనే కూర్చుండియు కాగితముపై లేకుండును.

ఇక ప్రాతినిధ్యము. చట్టసభలలో భాషనుబట్టి ప్రత్యేకించిన స్థానములు లేవు. కావున మన నియోజకవర్గమున గెలిచిన సభ్యుడు, మనము ఓటు వేసినను వేయకున్నను, మన ప్రతినిధియే. ఆయన శాసనసభలో ప్రశ్న వేసి మంత్రిచే సమాధానము చెప్పింపగలడు. అట్లడిగింపవలెనన్న మన కోరిక ముందుగా ఆయనకు తెలియవలెను. నోటిమాటకన్న వ్రాతమూలకమైన విజ్ఞాపన మేలు; దాని నకలు తేదీతోసహా భద్రపరచుకొనవలెను. కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞాపన మిచ్చుకొనవచ్చునని 350వ అధికరణము చెప్పుచున్నది.

ఈ రాష్ట్రభాషయగు ఒడియాను మన బిడ్డలు చక్కగా నేర్వవలెను. ఇంటిభాష దానికి అడ్డుకాదు.

1989 నుండి పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి పౌరునికిని ఓటుహక్కు గలదు. ఇంటిలో ఆ యీడు వచ్చినవారి పేర్లు ఓటర్ల జాబితాలో నున్నవో లేవో చూచుకొనుడు. రాబోవు సంవత్సరము బిడ్డను బడిలో చేర్చునపుడు మాతృభాష గడిలో “తెలుగు” అని స్పష్టముగా వ్రాయుడు. హక్కులు పుస్తకమునుండి బడిలోనికి వచ్చుటకు మన చేతిలోనున్న మొదటి మెట్లు ఇవియే.