ఇంధనంలో దాగిన మంచు

చలికాలంలో కొబ్బరినూనె సీసాను మీరు చూసే ఉంటారు. రాత్రి నీళ్లలా ఉన్న నూనె తెల్లవారేసరికి గడ్డకడుతుంది. సీసా నిండా నూనె ఉన్నా, బోర్లిస్తే చుక్క రాదు. ఆకాశంలో ఎగిరే విమానానికి ఇలాంటి అవస్థే వస్తే?

2008 జనవరి 17న బీజింగ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 విమానం లండన్‌లోని హీత్రూ విమానాశ్రయంలో దిగబోతోంది. ఇంకా 720 అడుగుల ఎత్తున ఉండగా కుడి ఇంజను శక్తి తగ్గిపోయింది. మరో 7 సెకన్లకు ఎడమ ఇంజనూ అంతే! కెప్టెన్ పీటర్ బర్కిల్ రెక్కల వెనుక అంచులకుండే ఫ్లాపులను కొద్దిగా లోపలికి తీశాడు. దానితో గాలి నిరోధం తగ్గి విమానం మరికొంత దూరం సాగింది. చివరకు రన్‌వేకు సుమారు 330 మీటర్ల ముందే పచ్చిక మీద పడింది. అందులో ఉన్న 152 మందిలో ఒక్కరు కూడా మరణించలేదు. ఒకరికి మాత్రం తీవ్రంగా గాయాలయ్యాయి.

కరిగిపోయిన సాక్ష్యం

ట్యాంకుల్లో ఇంధనం ఉంది. మరి ఇంజన్లకు ఎందుకు అందలేదు? పరిశోధకులకు ఒక ఆనవాలు దొరికింది. ఇంజన్ల పంపుల లోపలి లోహం కొత్తగా దెబ్బతిని ఉంది. పంపుకు చాలినంత ద్రవం అందనప్పుడు అందులో బుడగలు పుట్టి పగులుతాయి. ఆ తాకిడికి లోహం దెబ్బతింటుంది. అంటే పంపుకు ముందు ఏదో అడ్డుపడిందన్నమాట. కాని ఆ అడ్డు మాత్రం కనిపించలేదు.

ఇంధనమే గడ్డకట్టిందా? లేదు. ఆ ఇంధనం గడ్డకట్టాలంటే −57 డిగ్రీల సెంటీగ్రేడు చలి కావాలి. ప్రయాణంలో అది −34 డిగ్రీల వరకే చల్లబడింది.

ఇక మిగిలింది నీరు. విమాన ఇంధనం కిరోసిన్ జాతికి చెందినది. అందులో అతి కొద్దిగా నీరు కరిగి ఉంటుంది. పాకం చల్లారితే పంచదార పలుకులు కట్టినట్లు, ఇంధనం చల్లబడితే ఆ నీరు బయటపడి మంచు పలుకులవుతుంది. బీజింగ్‌లో నింపిన 71 టన్నుల ఇంధనంలో నీరు మహా అయితే 5 లీటర్లు. అది మామూలుగా ఉండేదే.

ఈ మంచుకు ఒక వింత గుణం ఉంది. −5 నుంచి −20 డిగ్రీల మధ్య అది బాగా అంటుకుంటుంది. ఇంధనం నెమ్మదిగా ప్రవహించే సుదీర్ఘ ప్రయాణంలో అది గొట్టాల గోడలకు పేరుకుంది. దిగేటప్పుడు ఇంజన్లకు ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. ఇంధనం ఉరవడిగా పారి ఆ మంచునంతా ఒక్కసారిగా ఊడ్చుకుపోయింది.

నాలుగు మిల్లీమీటర్లు

అది చేరిన చోటు మంచును కరిగించవలసిన చోటే! అక్కడ వెయ్యికి పైగా సన్నని గొట్టాలున్న పరికరం ఉంది. గొట్టాల్లో ఇంధనం, చుట్టూ ఇంజనులోని వేడినూనె ప్రవహిస్తాయి. నూనె వేడికి ఇంధనం వెచ్చబడుతుంది. అయితే ఆ గొట్టాల మొనలు పలక నుంచి 4 మి.మీ. బయటికి పొడుచుకుని ఉన్నాయి. వాటి సందుల్లో మంచు చిక్కుకుని గొట్టాల నోళ్లు మూసేసింది.

అదే ఏడాది నవంబరు 26న షాంఘై నుంచి అట్లాంటా వెళ్తున్న డెల్టా సంస్థ విమానంలో, అమెరికాలోని మోంటానా రాష్ట్రం మీద ఒక ఇంజను ఇలాగే మొరాయించింది. అదీ బోయింగ్ 777, ఇంజనూ అదే రకం. పైలట్లు ఇంజను శక్తిని బాగా తగ్గించాక అది కోలుకుంది. ఎందుకు? ఇంధన ప్రవాహం తగ్గితే వచ్చే చల్లదనం తగ్గుతుంది. అప్పుడు నూనె వేడిదే పైచేయి అయి మంచు కరుగుతుంది.

కార్లలో ప్రమాదకరమైన లోపం బయటపడితే కంపెనీ వాటిని వెనక్కి పిలిపించి ఆ భాగాన్ని మారుస్తుంది కదా! ఇక్కడా అదే జరిగింది. ఇంజను తయారుచేసిన రోల్స్ రాయిస్ కంపెనీ గొట్టాల మొనలు పలకతో సమంగా ఉండేలా పరికరాన్ని మార్చింది. ఆ రకం ఇంజన్లున్న 777 విమానాలన్నిటిలో పాత పరికరాలు తీసి కొత్తవి పెట్టాలని ప్రభుత్వ సంస్థలు గడువు విధించాయి.

పాత పరికరం కూడా అప్పటి నిబంధనల ప్రకారం పరీక్షలన్నీ నెగ్గినదే. పేరుకున్న మంచు ఒక్కసారిగా విడివడి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ పరీక్షల్లో లేదు.